మైలుకి వెయ్యి చుట్లు

మా నాన్నగారి బజాజ్ చేతక్‌కి స్పీడోమీటర్ ముల్లు నాకు ఊహ తెలిసినప్పట్నించీ సున్నా మీదే ఉండేది. కేబుల్ తెగిపోయింది, ఎవరూ మార్పించలేదు. "బండి నడుస్తోంది కదరా, ముల్లుతో పనేంటి?" అనేవారు. నిజమే, బండి నడిచేది. ముల్లు మాత్రం, ఎంత స్పీడులో వెళ్ళినా, మనం ఇంటి ముందే ఆగి ఉన్నామని చెప్పేది.

ఇప్పుడు ఇదెందుకు గుర్తొచ్చిందంటే, ఇక్కడ అమెరికాలో మా ఆఫీసులో నా పక్క సీటాయనకి పాత కార్ల పిచ్చి. 1955 నాటి షెవ్రొలే ఒకటి కొని, మూడేళ్ళుగా గరాజ్‌లో పెట్టుకుని శని ఆదివారాలు దానితోనే గడుపుతున్నాడు. పైన చూస్తే 1955 కారే. లోపల మాత్రం తుక్కు యార్డులోంచి తెచ్చిన ఒక పికప్ ట్రక్కు ఇంజనూ (5.3 లీటర్ల వి8), దాని 4ఎల్60ఈ గేర్‌బాక్సూ, రెంటినీ నడిపించే కంప్యూటరూ ఉన్నాయి. డాష్‌బోర్డు జోలికి మాత్రం వెళ్ళలేదు. విసనకర్ర విప్పినట్టుండే ఆ పాత స్పీడోమీటర్ కోసమే తను ఈ కారు కొన్నానంటాడు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. స్పీడోమీటర్ వెనక కేబుల్ తగిలించే చోటుంది. ఆ కేబుల్ రెండో కొసని తగిలించడానికి గేర్‌బాక్సులో చోటు లేదు. ఉన్నదల్లా రెండు వైర్ల సెన్సర్ ఒకటి. "నువ్వు ఇంటర్‌ఫేసుల మనిషివి కదా, వచ్చి చూడు" అన్నాడు. కార్ల గురించి నాకు తెలిసింది పెట్రోలు పోయించడం వరకే. అయినా వెళ్ళాను. ఆ వంకన తవ్వుకున్న చరిత్రే ఈ టపా.

ముందు పాత యంత్రం సంగతి. దీన్ని అందరూ మెకానికల్ స్పీడోమీటర్ అంటారు గానీ, ఆ పేరు సగమే నిజం. కేబుల్‌కీ ముల్లుకీ మధ్య అసలు ముడి లేదు! కేబుల్ కొసన ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాన్ని తాకీతాకకుండా ఒక చిన్న అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. ముల్లు ఉండేది ఆ గిన్నెకి. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదని మనందరికీ తెలుసు. కానీ అయస్కాంతం పక్కన తిరుగుతుంటే ఆ లోహంలో సుడులు సుడులుగా కరెంటు పుడుతుంది. వీటినే ఎడ్డీ కరెంట్లు అంటారు. ఆ కరెంటు తన సొంత అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, దాంతో గిన్నె కూడా అయస్కాంతం వెంట తిరగబోతుంది. వెంట్రుకంత సన్నటి స్ప్రింగ్ ఒకటి దాన్ని వెనక్కి లాగుతూ ఉంటుంది. ఈ రెండు లాగుళ్ళూ సమానమైన చోట ముల్లు ఆగుతుంది. వేగం రెట్టింపైతే లాగుడూ రెట్టింపు, ముల్లు తిరిగే కోణమూ రెట్టింపు. అంతే లెక్క.

రాగి పళ్ళెం తిరుగుతుంటే పైనున్న దిక్సూచి ముల్లు కూడా దాని వెంట కదలడం 1824లో అరగో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గమనించాడు. ఎందుకలా అవుతుందో 1831లో ఫారడే విద్యుత్ ప్రేరణ కనిపెట్టాక గానీ తేలలేదు. దాన్ని కారులో వాడుకోవచ్చని తట్టింది ఒట్టో షుల్జ్‌కి. స్ట్రాస్‌బుర్గ్ ఊరి ఇంజనీరు, 1902లో పేటెంట్ తీసుకున్నాడు (ఆ ఊరు ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది గానీ అప్పుడు జర్మనీది). ఇంకో తమాషా, అంతకంటే ముందే 1888లో, ఆస్ట్రియా-హంగరీ రాజ్యంలో ఉండే యోసిప్ బెలూషిచ్ బండి వేగం కొలిచే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అది కరెంటుతో పనిచేసేది! అంటే ఎలక్ట్రిక్‌ది ముందొచ్చింది, కేబుల్‌ది తర్వాత వచ్చి గెలిచింది. టెస్లా (కారు కాదు, మనిషి) కూడా గాలి రాపిడితో పనిచేసే స్పీడోమీటర్‌కి 1916లో అమెరికా పేటెంట్ సంపాదించాడు. కానీ షుల్జ్ గిన్నె ముందు ఇవేవీ నిలబడలేదు. చవక, కరెంటక్కర్లేదు, దశాబ్దాల తరబడి చెడిపోదు. పైన చెప్పిన 1955 కారులో ఉన్నదీ, మా చేతక్‌లో ఉన్నదీ అదే గిన్నె.

ఒక తేడా గమనించండి. అదే డబ్బాలో ఎన్ని మైళ్ళు తిరిగామో చూపించే అంకెల చక్రాలు కూడా ఉంటాయి కదా, వాటికి గిన్నెతో పనిలేదు. వాటిని కేబులే పళ్ళ చక్రాలతో నేరుగా తిప్పుతుంది. అయస్కాంతం బలం తగ్గినా, స్ప్రింగ్ సాగినా ముల్లు తప్పు చెప్తుంది గానీ, మైళ్ళ లెక్క తప్పదు. అంకెల చక్రాలు లెక్కపెడతాయి, ముల్లు అంచనా వేస్తుంది. అందుకే పాత మెకానిక్కులు ముల్లుని కాకుండా మైళ్ళ చక్రాన్ని నమ్మేవాళ్ళు.

సరే, ఇప్పుడు అసలు విషయం. కేబుల్ ఎంత వేగంగా తిరగాలి? ఎవరి ఇష్టం వాళ్ళదైతే ప్రతి గేర్‌బాక్సుకీ వేరే స్పీడోమీటర్ చెయ్యాలి. అందుకని అమెరికా కార్ల పరిశ్రమ ఒక అంకె దగ్గర స్థిరపడింది. కారు ఒక మైలు వెళ్తే కేబుల్ 1000 చుట్లు తిరగాలి. అంటే గంటకి 60 మైళ్ళ వేగంలో, నిమిషానికి సరిగ్గా 1000 చుట్లు. మా భాషలో చెప్పాలంటే ఇది ఇంటర్‌ఫేస్ కాంట్రాక్టు. స్పీడోమీటర్ చేసేవాడికి నీ కారు టైరు ఎంతో, యాక్సిల్ ఏమిటో తెలియక్కర్లేదు. గేర్‌బాక్సు చేసేవాడికి ముల్లు ఎలా ఉంటుందో తెలియక్కర్లేదు. మధ్యలో వెయ్యి చుట్లు, అంతే.

ఆ వెయ్యి రావడానికి గేర్‌బాక్సు కొసన రెండు పళ్ళ చక్రాలుండేవి. ఒకటి షాఫ్టు మీద, రెండోది కేబుల్‌కి తగిలించిన చిన్న ప్లాస్టిక్ చక్రం. మా వాడి కారు లెక్కే చూద్దాం. టైరు ఎత్తు 28 అంగుళాలు, అంటే మైలుకి 720 చుట్లు. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.42, అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్టు 3.42 సార్లు తిరగాలి. షాఫ్టు మీద చక్రానికి 17 పళ్ళుంటే, 17ని 3.42తో, 720తో గుణించి వెయ్యితో భాగించండి. 41.9 వస్తుంది. కాబట్టి 42 పళ్ళ ప్లాస్టిక్ చక్రం వేస్తే సరి. ఎన్ని పళ్ళో తేలిగ్గా గుర్తుపట్టడానికి వాటిని రకరకాల రంగుల్లో చేసేవాళ్ళు. టైరు సైజు మారిస్తే స్క్రూ విప్పి చక్రం మార్చుకోవాలి. కాన్ఫిగరేషన్ ఫైలు అన్నమాట, కాకపోతే ప్లాస్టిక్‌ది, చేత్తో పట్టుకుని పళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

ఇక కంప్యూటర్ ఎలా వచ్చిందో చూద్దాం. 1970లో అమెరికా వాయు కాలుష్య చట్టాన్ని గట్టిగా సవరించింది. ఆ ఒత్తిడి వల్ల 1975 మోడళ్ళలో పొగ శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. ఆ కన్వర్టర్ల దగ్గర పూర్తి పని తీసుకోవాలంటే పెట్రోలూ గాలీ పాళ్ళు ఖచ్చితంగా ఉండాలి, అందుకు కంప్యూటర్ కావాలి. 1981 నాటికి జనరల్ మోటార్స్ తన అమెరికన్ కార్లలో ఇంజన్ కంప్యూటర్ పెట్టేసింది. పెట్రోలు మిగలాలంటే గేర్‌బాక్సులో ఒక క్లచ్‌ని సరైన సమయానికి బిగించడం కూడా ఆ కంప్యూటరే చూసుకోవాలి. అది తెలియాలంటే కారు ఎంత వేగంలో ఉందో దానికి తెలియాలి. కారులో ఆ సంగతి తెలిసినది ఒక్కటే: స్పీడోమీటర్ కేబుల్!

అప్పుడు వాళ్ళేం చేశారో చదివి నేను నవ్వుకున్నాను. స్పీడోమీటర్ వెనక ఒక చిన్న దీపం, ఒక కాంతి సెన్సర్ పెట్టారు. కేబుల్‌తో పాటు రెండు రెక్కల మెరిసే బిళ్ళ ఒకటి తిరుగుతుంది. రెక్క ఎదురైనప్పుడల్లా వెలుగు వెనక్కి తుళ్ళుతుంది, సెన్సర్ ఒక పల్స్ పంపిస్తుంది. చుట్టుకి రెండు, మైలుకి 2000 పల్స్‌లు. అంటే ఇంత గొప్ప కంప్యూటర్ కూడా డ్రైవర్ భుజం మీంచి తొంగి చూసినట్టు స్పీడోమీటర్‌నే చదువుకునేది. కేబుల్ తెగితే కంప్యూటర్ కూడా బండి ఆగి ఉందనే అనుకునేది, మా నాన్నగారి చేతక్ ముల్లులాగే.

గేర్లు మార్చడం మాత్రం ఇంకా యంత్రం పనే. జీఎం 1982లో తెచ్చిన 700ఆర్4 గేర్‌బాక్సులో వేగాన్ని బట్టి గేర్లు మార్పించేది గవర్నర్. తిరిగేకొద్దీ బయటికి విచ్చుకునే బరువులు, వాటిని బట్టి మారే నూనె ఒత్తిడి. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం మీద కూర్చున్న గవర్నర్‌కి ముని మనవడు అనుకోవచ్చు. 1993లో ట్రక్కుల్లో 4ఎల్60ఈ వచ్చింది, చివరి ఆ 'ఈ' అంటే ఎలక్ట్రానిక్. గవర్నర్ పోయింది, దాని స్థానంలో కరెంటుతో తెరుచుకునే వాల్వులూ, వాటిని ఆడించే కంప్యూటరూ వచ్చాయి. పనిలో పనిగా కేబుల్ తగిలించే చోటు కూడా పోయింది. షాఫ్టు మీద 40 పళ్ళ ఉక్కు చక్రం, దాని పక్కన తీగ చుట్టిన అయస్కాంతం. పన్ను ఎదురైనప్పుడల్లా తీగలో చిన్న అల. మా వాడి కారు 60 మైళ్ళ వేగంలో ఉంటే, సెకనుకి సుమారు 1640 అలలు.

ఈ సెన్సర్ కంప్యూటర్ కోసం పెట్టింది, మనిషి కోసం కాదు. కంప్యూటర్ ఆ అలల్ని లెక్కపెట్టి, తన దగ్గరున్న టేబుల్‌లో టైరు సైజూ యాక్సిల్ నిష్పత్తీ చూసుకుని వేగం తేలుస్తుంది. తర్వాత స్పీడోమీటర్‌కి వేరే వైరు మీద పల్స్‌లు పంపిస్తుంది. మైలుకి ఎన్ని? సరిగ్గా 4000. ఈ అంకె చూడగానే నాకు బల్బు వెలిగింది. వెయ్యికి నాలుగు రెట్లు! కేబుల్ పోయింది, పళ్ళ చక్రాలు పోయాయి, అయినా లేని కేబుల్ చుట్టుకి నాలుగు పల్స్‌ల చొప్పున లెక్క అక్షరాలా సరిపోతోంది. ఏదో డేటాబేస్‌లో ఎనిమిది అక్షరాల పేర్లు చూసి, దీని వెనక ఏ కాలం నాటి మెషినుండేదో అని ఊహించే వాళ్ళకి ఈ ఆనందం అర్థమవుతుంది.

ఇక అమెరికాలో ఈ బండ్లు కట్టే పిచ్చి పాతదే. దక్షిణ కాలిఫోర్నియాలో ఎండిపోయిన చెరువుల మీద పాత ఫోర్డులు పరిగెత్తించే క్లబ్బులన్నీ కలిసి 1937లో సంఘం పెట్టుకున్నాయి, 1948లో వాళ్ళ కోసం 'హాట్ రాడ్' పత్రిక మొదలైంది. అప్పట్నించీ పద్ధతి ఒక్కటే, పాత ఒళ్ళు, కొత్త గుండె. 1997లో కార్వెట్‌లో వచ్చిన ఎల్ఎస్1 ఇంజనూ, 1999 నుంచి ట్రక్కుల్లో వచ్చిన దాని తమ్ముళ్ళూ లక్షల్లో తయారయ్యాయి. అవి తుక్కు యార్డులకి చేరడం మొదలయ్యాక, కంప్యూటర్ ఇంజను పెట్టుకోవడం చవకైన మార్గం అయిపోయింది. దాంతో ప్రతి గరాజ్‌లోనూ ఇదే ప్రశ్న: ముల్లు తిప్పేదెవరు?

దారులు మూడున్నాయి. మొదటిది, పాత డయల్ వెనక ఎలక్ట్రానిక్ యంత్రం పెట్టించడం. అప్పుడది పైకి మాత్రమే పాతది. రెండోది, గేర్‌బాక్సు తోక మార్చి కేబుల్‌కి చోటు చేయించడం. కుదిరినప్పుడు బావుంటుంది, ఖర్చూ చాకిరీ ఎక్కువ. మూడోది ఒక చిన్న డబ్బా. అందులో ఎలక్ట్రిక్ మోటారు, దాన్ని అదుపు చేసే చిన్న కంప్యూటరు. ఒక పక్క కంప్యూటర్ పల్స్‌లు లోపలికి, రెండో పక్క తిరిగే కేబుల్ బయటికి. నాలుగు పల్స్‌లొస్తే మోటారు కేబుల్‌ని ఒక చుట్టు తిప్పాలి. అటూ ఇటూ కావాలంటే సర్దుకోవడానికి చిన్న స్విచ్చులుంటాయి. వైర్ల గొడవ వద్దనుకుంటే జీపీఎస్‌తో నడిచేవీ ఉన్నాయి, కాకపోతే సొరంగంలో దానికి ఆకాశం కనబడదు. మా వాడు తెచ్చుకున్నది వైర్ల డబ్బానే.

ఒక్కసారి ఆగి చూడండి. 1981లో కేబుల్ తిరిగితే దాన్ని చూసి కంప్యూటర్ నేర్చుకునేది. ఇప్పుడు కంప్యూటర్ చెప్తే కేబుల్ తిరుగుతోంది. ముల్లు అదే, గిన్నె అదే, వెయ్యి అదే. గురువూ శిష్యుడూ మాత్రం కుర్చీలు మార్చుకున్నారు.

డబ్బా బిగించి, వైర్లు కలిపి రోడ్డెక్కాం. ముల్లు సుతారంగా లేచింది. హైవే పక్కన మైలు బోర్డులుంటాయి కదా, 60 దగ్గర ముల్లు నిలబెట్టి వాచీ చూస్తే బోర్డుకీ బోర్డుకీ సరిగ్గా 60 సెకన్లు. మా వాడి మొహం చూడాలి! మొదటి టెస్టులోనే పాసైన కోడు మీద నాకెప్పుడూ అనుమానమే. అనుకున్నట్టే అయింది.

వారం తర్వాత తను లాప్‌టాప్ పెట్టి కంప్యూటర్ టేబుల్ తెరిచి చూస్తే, టైరు సైజు 30.5 అంగుళాలని ఉంది. అది పాత ట్రక్కు టైరు. బుద్ధిమంతుడు కాబట్టి 28 అని దిద్దాడు. మళ్ళీ రోడ్డెక్కితే అంతా తలకిందులు. ముల్లు 55 దగ్గరుంది, మైలుకి 65 సెకన్లు పట్టాలి, పట్టినవి 60. తప్పు దిద్దితే తప్పు పుట్టింది!

కాగితం మీద లెక్క వేస్తే తేలింది. టేబుల్‌లో యాక్సిల్ కూడా ట్రక్కుదే, 3.73. పెద్ద టైరు అనుకోవడం వల్ల ముల్లు 9 శాతం ఎక్కువ చెప్పాలి. ఎక్కువ నిష్పత్తి అనుకోవడం వల్ల 8 శాతం తక్కువ చెప్పాలి. రెండు తప్పులూ ఒకదాన్నొకటి తినేసి, వెయ్యికి ఒక వంతు తేడాతో సరైన వేగం చూపించాయి. ఒకటి దిద్దేసరికి రెండోది బయటపడింది. అదీ ప్రమాదకరమైన వైపు: 55 పరిమితి ఉన్న రోడ్డు మీద 60లో వెళ్తూ, ముల్లు మాత్రం తప్పేం లేదంటుంది.

మా వాడు వెంటనే డబ్బా మీద స్విచ్చులు తిప్పబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ స్విచ్చులతో ముల్లు నిజం చెప్తుంది, నిజమే. కానీ కంప్యూటర్ ఇంకా 60ని 55 అనే నమ్ముతూ ఉంటుంది. గేర్లు ఆ నమ్మకం మీదే మారతాయి, ఆలస్యంగా మారతాయి. మనిషి చూసే చోట మాత్రం అంతా బావుంటుంది. మేం ఆఫీసుల్లో రోజూ చేసే పాపం ఇదే. డేటా తప్పైతే రిపోర్టులో ఒక గుణకారం పెట్టి సరిచేసేస్తాం. ఆ రిపోర్టు తప్ప మిగిలిన సిస్టమంతా తప్పు అంకె మీదే నడుస్తూ ఉంటుంది. ఎవరో ఒకరు ఒకనాడు మూలం దిద్దుతారు, ఆ రోజు రిపోర్టు కూలుతుంది.

పాత రోజులు బంగారం అని నేననను. కేబుల్ కాలంలోనూ అబద్ధాలున్నాయి. బండి అమ్మే ముందు కేబుల్ పీకేసి తిప్పడం మన ఊళ్ళలో ఎవరికి తెలియదు? అమెరికాలో మైళ్ళ చక్రం వెనక్కి తిప్పేవాళ్ళ కోసం 1972లో చట్టమే చెయ్యాల్సి వచ్చింది. తేడా ఎక్కడంటే, ఆ అబద్ధం చెప్పడానికి చేతులకి గ్రీజు అంటాలి, విప్పి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది. తప్పు పళ్ళ చక్రం వేస్తే దాని రంగే చెప్పేస్తుంది. టేబుల్‌లో 3.73 అన్న అంకెకి రంగు లేదు, చప్పుడు లేదు. అది ట్రక్కుతో పాటు చచ్చిపోకుండా ఇంకో బండిలోకి వచ్చి, అక్కడ ఇంకో తప్పు వెనక దాక్కుంది.

1000 అన్న అంకె వందేళ్ళ దగ్గర దగ్గరగా ఎందుకు బతికిందో నాకప్పుడు అర్థమైంది. అది అందరికీ తెలిసిన ఒప్పందం, బయట కనిపించే ఒప్పందం. కేబుల్‌ని చేత్తో తిప్పి, చుట్లు లెక్కపెట్టి, మైళ్ళ చక్రం చూసుకుని ఎవరైనా పరీక్షించవచ్చు. 3.73కి అలాంటి సాక్షి లేదు. అందుకే వాచీ, మైలు బోర్డు కావాల్సి వచ్చాయి. అవి కూడా ఒక్కసారి కాదు, ఏ చిన్న మార్పు చేసినా మళ్ళీ.

మొత్తానికి టేబుల్‌లో 3.42 పెట్టాం. డబ్బా స్విచ్చులు ముట్టుకోలేదు. ముల్లు 60, వాచీ 60. ఈసారి రెండూ సరైన కారణాలతోనే ఒప్పుకున్నాయని మా నమ్మకం :) దించేటప్పుడు మా వాడు తలుపు లోపలి పక్క ఒక చీటీ అంటించాడు: టైరు 28, యాక్సిల్ 3.42, పల్స్‌లు 4000, కేబుల్ 1000. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఈ బండి ఎవడి గరాజ్‌కి చేరుతుందో తెలియదు. వాడికి మా లాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందన్న నమ్మకం నాకైతే లేదు. చీటీ మాత్రం చదవగలడు.